కుదురు లేని మనసు

మట్టికుండ కింద పెట్టే గడ్డిచుట్టను మన పల్లెల్లో కుదురు అంటారు. కుండ అడుగు గుండ్రంగా ఉంటుంది కనుక వట్టి నేల మీద పెడితే ఒరుగుతుంది, దొర్లుతుంది. అది కుండ చేసిన తప్పు కాదు. దానికి తగిన ఆసరా దొరకలేదు, అంతే. ఒకచోట నిలవలేని మనిషిని చూసి మన పెద్దలు కూడా అదే మాట వాడతారు: ‘వీడికి కుదురు లేదు’ అని.

ఈ కుదురులేనితనాన్ని గురించి ఈ వారం కొంచెం లోతుగా ఆలోచిద్దాం. ముందుగా అది ఏది కాదో చూద్దాం. అది దుఃఖం కాదు. దుఃఖానికి ఒక కారణం చెప్పగలం. అది భయమూ కాదు. భయపడేవానికి ఎదురుగా ఏదో ఒకటి కనిపిస్తుంది. కుదురులేనితనానికి కారణం చెప్పలేం, ఎదురుగా ఏమీ కనిపించదు. ఇల్లు ఉంటుంది, అన్నం ఉంటుంది, పిల్లలు చదువుకుంటూ ఉంటారు; అయినా ఇంకేదో కావాలని మనసు లాగుతుంది. కోరుకున్నది చేతికి వస్తుంది. వచ్చిన నాలుగు రోజులకే దాని రుచి తగ్గుతుంది. పని లేని అరగంట దొరికితే విశ్రాంతి తీసుకోము. ఏదో ఒక వ్యాపకం కోసం తడుముకుంటాం.

ఇది సెల్‌ఫోను వచ్చాక పుట్టిన జబ్బు అని చాలామంది అనుకుంటారు. కాదు. నాలుగు వందల ఏళ్ల క్రితమే ఐరోపాలోని గొప్ప ఆలోచనాపరులు ఈ ఒక్క విషయం మీద పేజీలకు పేజీలు రాశారు. అందరూ చూసింది ఒకే మనసును. కాని దానికి వారు పెట్టిన పేర్లు వేరు, చెప్పిన మందులు వేరు. ఒకరు దాన్ని ప్రమాదం అన్నారు. ఒకరు మనిషిని నడిపించే ముల్లుకర్ర అన్నారు. మరొకరు అది ఒక కబురు అన్నారు. జబ్బు పేరు తప్పు చెబితే మందు కూడా తప్పుతుంది. కాబట్టి వారు చెప్పినదాన్ని వరుసగా పరిశీలించడం మన కుటుంబాలకు మేలు చేస్తుంది.

పాత జవాబు: పునీత అగస్టీను

వీరందరికంటే ముందు ఈ విషయం రాసినవారు పునీత అగస్టీనువారు. ఆయన 354లో ఉత్తర ఆఫ్రికాలోని తగస్తే పట్టణంలో జన్మించారు. అది నేటి అల్జీరియా దేశంలో ఉంది. తల్లి పునీత మోనికమ్మ కన్నీటి ప్రార్థనలు మనకు తెలిసినవే. చదువులో పేరు, మాటకారితనం, సుఖాలు, మానికేయుల మతం, పెద్ద ఉద్యోగం, వీటిలో ఒకదాని నుండి మరొకదానికి ఆయన మారుతూ పోయారు. కార్తేజు, రోము, మిలాను, ఇలా ఊళ్లూ మారారు. చివరికి 387లో పాస్కా జాగరణ రాత్రి మిలానులో పునీత అంబ్రోసువారి చేతుల మీదుగా జ్ఞానస్నానం పొందారు. సుమారు పదేళ్ల తరువాత, పీఠాధిపతిగా ఉంటూ, తన జీవితమంతా దేవునితో చెప్పుకున్నట్టు ‘కన్ఫెషన్స్’ అనే గ్రంథం రాశారు. దేవుని కోసం చేయబడిన హృదయానికి దేవునిలో తప్ప మరెక్కడా నెమ్మది ఉండదన్నది ఆ గ్రంథం మొదటి పేజీలోనే కనిపించే భావం.

తరువాతి వెయ్యేళ్లపాటు క్రైస్తవ ఐరోపా ఈ జవాబుతోనే బ్రతికింది. సృష్టిలోని ఏ మేలూ మనిషి కోరికను పూర్తిగా తీర్చలేదని 13వ శతాబ్దంలో పునీత థామస్ అక్వినాసువారు తర్కబద్ధంగా వివరించారు. ఈ దృష్టిలో మనిషి ఇంటికి పోయే బాటసారి. కుదురులేనితనం ఆ దారిలో పడే బడలిక. ఇల్లు ఉంది కనుక బడలికకు అర్థం ఉంది.

ఎందుకు మారింది?

16వ శతాబ్దం వచ్చేసరికి పరిస్థితి మారిపోయింది. క్రైస్తవులు రెండుగా, ఆ తరువాత అనేకంగా చీలిపోయారు. ఒక్క ఫ్రాన్సులోనే 1562 నుండి 1598 వరకు కతోలికులకూ ప్రొటెస్టెంటులకూ మధ్య యుద్ధాలు మళ్లీ మళ్లీ జరిగాయి. 1572 ఆగస్టులో పునీత బర్తొలోమయివారి పండుగనాడు పారిస్ నగరంలో మొదలైన హత్యాకాండ ఆ చరిత్రలో చెరగని మచ్చ. గమ్యం తమకే తెలుసన్నవారు ఆ గమ్యం పేరుతోనే ఒకరినొకరు చంపుకున్నారు.

అది చూసిన ఆలోచనాపరులు కొందరు ఇలా తలపోశారు: గమ్యం గురించిన తగవు పక్కన పెడదాం, నడిచే మనిషిని మాత్రమే చూద్దాం. వాడు ఎందుకు ఆగడు? వాణ్ణి ఏది కదిలిస్తుంది? ఇలా ప్రశ్న మారింది. మనం చూడబోయే జవాబులన్నీ ఈ మార్పులోంచి పుట్టినవే.

మోంటేన్: పగ్గం తెంచుకున్న గుర్రం

మిషెల్ ద మోంటేన్ ఫ్రాన్సులో బోర్డో నగరం దగ్గర 1533లో పుట్టాడు. న్యాయస్థానంలో పదవి చేసి, 1571లో 38 ఏళ్లకే దాన్ని వదిలి సొంత ఊరికి వచ్చేశాడు. ఇంటి బురుజులో గ్రంథాలయం ఏర్పరచుకున్నాడు. పైకప్పు దూలాల మీద గ్రీకు, లాటిను సూక్తులు రాయించుకున్నాడు. ఇక శేషజీవితం ప్రశాంతంగా గడపాలన్నది ఆయన కోరిక.

జరిగింది వేరు. పని లేకుండా కూర్చోబెడితే మనసు స్థిరపడుతుందనుకున్నాననీ, అది పగ్గం తెంచుకున్న గుర్రంలా ఇంకా ఎక్కువ పరుగెత్తిందనీ, ఇతరుల పని చేసేటప్పటికంటే తనకు తానే వందరెట్లు ఇబ్బంది తెచ్చుకుందనీ ఆయన రాశాడు. ఆ వింత ఊహలను ఒక్కొక్కటిగా కాగితం మీద పెట్టడం మొదలుపెట్టాడు. అలా పుట్టినవే ఆయన ‘వ్యాసాలు’. మొదటి రెండు సంపుటాలు 1580లో, మూడవది 1588లో వెలువడ్డాయి. వ్యాసం అనే సాహిత్య ప్రక్రియకు ఐరోపాలో అదే ఆరంభం.

మోంటేన్ చెప్పిన మందు మెత్తనిది. మనసుతో పోట్లాడకు, దాన్ని చూసి నవ్వుకో. గొప్పవాడివి కావాలని ఎగబడకు. నీ ఒంటితో, నీ ఇంటితో, నీ ఊరితో సఖ్యంగా బ్రతకడం నేర్చుకో. బాగా బ్రతకడమే మనిషి చేయగల గొప్ప పని. ఆయన కడవరకు కతోలికుడిగానే ఉన్నాడు. 1592లో తన గదిలో దివ్యబలిపూజ జరుగుతుండగా కన్నుమూశాడని ఆ కాలంవారు రాశారు. అయినా ఆయన పుస్తకంలో దేవుని కోసం దప్పిక కంటే ఉన్నదానితో సర్దుకుపోవడమే ఎక్కువగా వినిపిస్తుంది.

ఈ మందులో మేలు ఉంది. పొరుగువాడి మేడ చూసి నిద్ర పోగొట్టుకునేవానికి ఇది పనిచేస్తుంది. కాని ఒక ప్రశ్న మిగిలిపోతుంది. సర్దుకుపొమ్మంటే మనసు నిజంగా సర్దుకుపోతుందా? ఆ గుర్రం ఎందుకు పరుగెత్తిందో మోంటేన్ చెప్పలేదు.

హాబ్స్: తాళం వేసిన పెట్టె

థామస్ హాబ్స్ ఇంగ్లండులో 1588లో పుట్టాడు. స్పెయిను నౌకాదళం దండెత్తి వస్తుందని దేశమంతా వణికిపోతున్న సంవత్సరం అది. భయమూ తానూ కవలలమని ముసలితనంలో ఆయనే చమత్కరించాడు. ఆయన కాలంలోనే ఇంగ్లండులో అంతర్యుద్ధం చెలరేగింది. 1649లో రాజు మొదటి ఛార్లెస్‌కు శిరచ్ఛేదం జరిగింది. 1640లోనే పారిస్‌కు తరలిపోయిన హాబ్స్ పదకొండేళ్లు అక్కడే ఉన్నాడు. 1651లో ‘లెవియాతన్’ అనే గ్రంథం ప్రచురించాడు.

అందులో ఆయన పాత జవాబును సూటిగా తోసిపుచ్చాడు. పూర్వపు తత్వవేత్తలు చెప్పిన అంతిమ గమ్యం, అన్నిటినీ మించిన మేలు అనేవి ఈ లోకంలో లేవన్నాడు. సుఖం అంటే ఒక కోరిక నుండి మరో కోరికకు సాగిపోవడమేనట. ఒకటి దక్కడమంటే రెండవదానికి దారి పడటమేనట. కోరిక ఆగిందంటే మనిషి చచ్చినట్టే. కనుక మనుష్యజాతి అంతటికీ ఉన్న సామాన్య గుణం బలం మీద బలం కూడబెట్టుకోవాలనే ఎడతెగని ఆరాటం; అది చావుతోనే ఆగుతుంది.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనించండి. మనుష్యులందరూ దురాశాపరులని హాబ్స్ అనలేదు. ఉన్నదానితో తృప్తిపడే మనిషి కూడా, ఇంకొంత సంపాదించకపోతే ఉన్నది నిలవదని భయపడతాడు అన్నాడు. పక్కవాడు గోడ ఎత్తు పెంచితే మనమూ పెంచుతాం. వాడు మనల్ని చూసి మళ్లీ పెంచుతాడు. ఇద్దరిలో ఎవరూ చెడ్డవారు కాకపోవచ్చు. అయినా గోడలు పెరుగుతూనే ఉంటాయి. చట్టాలూ రక్షకభటులూ ఉన్న దేశంలో సైతం మనిషి రాత్రి తలుపులు గడియ వేసుకుంటాడు, ఇంట్లోవాళ్లే ఉన్నా పెట్టెకు తాళం వేస్తాడు; తోటివారి గురించి తన మనసులో ఏముందో చేతలతో తానే చెబుతున్నాడు కదా అని ఆయన వాదం.

అందుకు హాబ్స్ చెప్పిన మందు బలమైన ప్రభుత్వం. అందరినీ అదుపులో పెట్టగల ఒకే అధికారానికి అందరూ లోబడాలి. అప్పుడు ఎవరి ఆరాటం వారిలోనే ఉంటుంది, కత్తులు ఒరల్లో ఉంటాయి.

శాంతిభద్రతలు దేవుడిచ్చే గొప్ప మేలు. అంతర్యుద్ధం చూసినవానికి ఆ విలువ బాగా తెలుసు. అందులో హాబ్స్‌ను తప్పు పట్టలేం. కాని రక్షకభటుడు మన చేతిని ఆపగలడు, మనసును కుదుటపరచలేడు. పెట్టెకు తాళం వేసినవాడు హాయిగా నిద్రపోతాడన్న నమ్మకం ఏమీ లేదు.

లాక్: ముల్లుకర్ర

జాన్ లాక్ 1632లో పుట్టాడు. మనిషి బుద్ధిని గురించి ఆయన రాసిన పెద్ద గ్రంథం 1689 చివరలో వెలువడింది. మనకు ఎక్కువ మేలుగా కనిపించేదే మన సంకల్పాన్ని నడిపిస్తుందని అందులో రాశాడు. మిత్రులతో ఉత్తరప్రత్యుత్తరాలు నడిచాక, 1694లో వచ్చిన రెండవ ముద్రణలో ఆ అభిప్రాయం మార్చుకున్నాడు. మనిషిని కదిలించేది మేలు మీది దృష్టి కాదు, ఇప్పుడు ఇక్కడ లోపల గుచ్చుకుంటున్న వెలితి అన్నాడు.

దీనికి ఆయన ఇచ్చిన ఉదాహరణ మన ఊళ్లలో ప్రతి వీధికీ తెలిసినదే. తాగుబోతు ఒకడున్నాడు. ఒళ్లు గుల్లవుతోందని, ఆస్తి కరిగిపోతోందని, పరలోకం కూడా చేజారుతుందని వాడికి తెలుసు; అడిగితే వాడే చెబుతాడు. పొద్దున పూట మానేస్తానని నిశ్చయించుకుంటాడు కూడా. కాని అలవాటైన వేళ కాగానే లోపలి వెలితి పొడుస్తుంది. కాళ్లు దుకాణం వైపు నడుస్తాయి. దూరాన ఉన్న పెద్ద మేలు కంటే దగ్గర ఉన్న చిన్న పోటుదే పైచేయి.

లాక్ ఈ వెలితిని శాపం అనుకోలేదు. ఆకలి, దప్పిక అనే వెలితులను దేవుడే మన ప్రాణరక్షణ కోసం పెట్టాడన్నాడు. మనుష్యుల శ్రమకు ముఖ్యమైన ప్రేరణ ఇదే అన్నాడు. ఎద్దుకు ముల్లుకర్ర ఎలాంటిదో మనిషికి వెలితి అలాంటిది; అది లేకపోతే నాగలి కదలదు. లాక్ పుస్తకం చదివిన జర్మన్ తత్వవేత్త లైబ్నిట్స్ ఇంకో చక్కని మాట జోడించాడు. జర్మన్ భాషలో గడియారాన్ని నడిపే ఊగుడు భాగాన్ని ‘ఉన్‌రూ’ అంటారు. ఆ మాటకు నెమ్మది లేకపోవడం అని అర్థం. అది ఊగుతుంటేనే గడియారం నడుస్తుంది, మన దేహమూ మనసూ అంతేనన్నాడు.

అయితే ముల్లుకర్రను మెచ్చుకోవడంలో ఒక ప్రమాదం ఉంది. ఆరాటపడేవాడే మనిషి అనుకుంటే, ఆరాటపడనివాడు సోమరిగా కనిపిస్తాడు. లాక్ రాజనీతి గ్రంథంలోనే భూమి శ్రమించి సాగుచేసేవానిదని, అమెరికా ఆదివాసుల నేల సాగులేని బీడు అని చూపే వాదన ఉంది. నేలను వేరే రీతిలో వాడుకుంటూ బ్రతికినవారి హక్కు ఆ వాదనలో ఆనలేదు. ఇది నేటికీ మన ఇళ్లలో జరుగుతుంది. ర్యాంకుల వెంట పరుగెత్తే బిడ్డ తెలివైనవాడు. నిదానంగా, తృప్తిగా ఉండే బిడ్డ ‘దేనికీ పనికిరానివాడు’. ఈ కొలబద్ద సువిశేషంలోంచి వచ్చింది కాదు.

లాక్ చెప్పినవాటిలో మనం జాగ్రత్తగా దాచుకోవలసిన మాట మరొకటి ఉంది. వెలితి పొడిచిన వెంటనే మనిషి కదలనక్కరలేదు. కోరికను కాసేపు నిలిపి ఉంచి, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసే శక్తి మనిషికి ఉంది. మన స్వేచ్ఛకంతటికీ మూలం అదే అన్నాడు. తాగుబోతుకు కూడా ఆ ఒక్క నిమిషం ఉంటుంది. మార్పు అనేది మొదలైతే ఆ నిమిషంలోనే మొదలవుతుంది.

పాస్కల్: ఖాళీ గది

కాలక్రమంలో లాక్ గ్రంథం కంటే ముందు రాసినవాడే అయినా, బ్లేజ్ పాస్కల్‌ను చివరికి ఉంచడానికి కారణం ఉంది. పైవారు ముగ్గురూ కుదురులేనితనాన్ని ఎలా సర్దుకోవాలి, ఎలా అదుపు చేయాలి, ఎలా పనిలో పెట్టాలి అని చూశారు. అది ఎక్కడినుండి వచ్చిందని అడిగినవాడు పాస్కల్.

ఆయన 1623లో ఫ్రాన్సులోని క్లెర్మాన్ పట్టణంలో పుట్టి 1662లో 39 ఏళ్లకే మరణించాడు. పన్నుల అధికారి అయిన తండ్రికి లెక్కల్లో సాయంగా ఉండాలని 19వ ఏటనే లెక్కలు చేసే యంత్రం తయారు చేయడం మొదలుపెట్టాడు. గాలికి బరువుందని చూపే ప్రయోగాన్ని 1648లో కొండ మీద బావగారి చేత చేయించాడు. నేడు తుఫాను వేళ వాతావరణ శాఖ చెప్పే ‘హెక్టోపాస్కల్’ అనే కొలత ఆయన పేరిటే వచ్చింది. 1654 నవంబరు 23 రాత్రి రెండు గంటలపాటు ఆయనకు గాఢమైన దైవానుభవం కలిగింది. దాన్ని రాసుకున్న కాగితాన్ని కోటు లోపలి గుడ్డలో కుట్టుకుని బ్రతికినంత కాలం మోశాడు. చనిపోయాకే అది బయటపడింది. విశ్వాసాన్ని సమర్థిస్తూ రాయదలచిన పెద్ద గ్రంథానికి వేసుకున్న చిత్తు కాగితాలు 1670లో ‘పాన్సే’ అనే పేరుతో, అంటే ‘తలంపులు’ అనే అర్థంతో, ప్రచురితమయ్యాయి.

మనుష్యుల దౌర్భాగ్యమంతా ఒక్కచోటి నుండి వస్తుందని, అది ఒక గదిలో నెమ్మదిగా కూర్చోలేకపోవడమని ఆయన గమనించాడు. ఒక రాజును తీసుకొమ్మన్నాడు. వానికి కావలసినవన్నీ ఇచ్చి, సంగీతం, వేట, ఆట, సభ ఏవీ లేకుండా ఒంటరిగా కూర్చోబెట్టండి. రాజు తన గురించి, రోగాల గురించి, రానున్న చావు గురించి తలచి దుఃఖంలో మునిగిపోతాడు. అందుకే రాజుల చుట్టూ వినోదం చేసేవారు ఎప్పుడూ ఉంటారట.

వేటగాణ్ణి చూడండి. రోజంతా కుందేలు వెంట పరుగెత్తుతాడు. అదే కుందేలును ఉచితంగా ఇస్తామంటే తీసుకోడు. వానికి కావలసింది కుందేలు కాదు, పరుగు. జూదగాణ్ణి చూడండి. గెలవబోయే డబ్బు రోజూ పొద్దున్నే ఇస్తాం, ఆడవద్దంటే కుమిలిపోతాడు. పోనీ డబ్బు లేకుండా ఆడుకోమంటే విసుగు పుడుతుంది. ఏదో సాధిస్తున్నానని తనను తాను మోసగించుకుంటేనే వాడికి ఆట రక్తి కడుతుంది. కుందేలు దొరికితే హాయిగా ఉంటానని వేటగాడు నిజంగానే నమ్ముతాడు, అదే విషాదం.

ఇంతవరకైతే పాస్కల్ మనల్ని ఎగతాళి చేశాడనిపిస్తుంది. అసలు మాట ఇక్కడుంది. మనిషిలో రెండు లోపలి లాగుళ్లు ఉన్నాయన్నాడు. ఒకటి, తన దైన్యాన్ని చూడలేక బయటి వ్యాపకాల వైపు లాగుతుంది. రెండవది, నిజమైన సుఖం విశ్రాంతిలోనే ఉందని గుర్తు చేస్తుంది. అది మన తొలి గొప్పతనంలో మిగిలిన ఆనవాలు. ఈ రెంటి మధ్య నలిగి మనిషి, పరుగు ద్వారా విశ్రాంతిని వెతుకుతాడు. పదవి నుండి దిగిపోయిన రాజు మాత్రమే సింహాసనం లేదని బాధపడతాడు. ఎన్నడూ రాజు కానివానికి ఆ బాధ ఉండదు. మనకు వెలితి ఉందంటేనే మనకు ఒకప్పుడు నిండుదనం ఉండేదని అర్థం. హద్దులేని ఆ లోతును హద్దులేని దేవుడే నింపగలడు.

అగస్టీనువారి పాత జవాబే ఇలా తిరిగి వచ్చింది. కాని ఈసారి అది ఉపదేశంలా రాలేదు; వేటగాణ్ణి, జూదగాణ్ణి, రాజును కళ్లముందు నిలబెట్టి, ‘మీరే చూడండి’ అన్న పరీక్షలా వచ్చింది.

పాస్కల్ సన్నిహితంగా మెలగిన పోర్ రాయల్ వర్గంవారి జాన్సెను సిద్ధాంతాలను 1653లో శ్రీసభ ఖండించిన సంగతి మరువరాదు. మనిషి బలహీనత గురించి ఆయన రాతల్లో అక్కడక్కడ ఆ కరకుదనం ఉంది. అయినా ఆయన పుట్టి 400 ఏళ్లయిన సందర్భంగా, 2023 జూన్ 19న ఫ్రాన్సిస్ పోపుగారు ఆయనను కొనియాడుతూ ప్రత్యేకంగా ఒక లేఖ వెలువరించారు. మనిషి దైన్యాన్నీ ఘనతనూ ఒకేసారి చూసినవానిగా ఆయనను గుర్తు చేశారు.

‘గదిలో కూర్చోవడం అంటే పనులు మానుకోవడమా?’ అని మీరడగవచ్చు. కాదు. అదే పాస్కల్ తాను చనిపోయే సంవత్సరంలోనే, 1662 మార్చిలో, పారిస్‌లో ఒక దారిలో నిర్ణీత వేళలకు నడిచే అద్దె బండ్లను మిత్రులతో కలిసి ప్రారంభించాడు. ఐదు సోలు చెల్లించి ఎక్కే ఆ బండ్లే నేటి సిటీ బస్సులకు తాతలు. ఆ వ్యాపారంలో తన వాటా మీద ముందుగా డబ్బు తీసుకుని బ్లువా ప్రాంతంలోని పేదలకు పంపాలని ఆయన తహతహలాడాడని అక్కగారు రాసింది. మరణశయ్య మీద ఉన్న రోగి ఆరాటం అది. తనను మరచిపోవడానికి పరుగెత్తడం వేరు, ఆకలిగొన్నవానికోసం పరుగెత్తడం వేరు.

రూసో, టోక్విల్: ఆ తరువాతి కథ

18వ శతాబ్దంలో జ్యాఁ జాక్ రూసో తప్పును సమాజం మీద మోపాడు. 1755లో ప్రచురించిన అసమానతల గ్రంథంలో, ఆదిమానవుడు తనలో తాను బ్రతికేవాడని, నాగరికుడు ఎప్పుడూ ఇతరుల కళ్లలో బ్రతుకుతున్నాడని వాదించాడు. ‘నలుగురూ ఏమనుకుంటారో’ అనే మాట వల్ల పెళ్లిళ్లకు అప్పులు చేసే మనకు ఇది చురుక్కుమనాలి. కాని సమాజానికి దూరంగా వెళ్లిన రూసోకు కూడా శాంతి నిలవలేదు. 1765లో స్విట్జర్లాండులోని ఒక దీవిలో గడిపిన కొన్ని వారాలే తన జీవితంలో హాయిగా ఉన్న కాలమని రాసుకున్నాడు. అధికారులు అక్కడినుండి కూడా పంపేశారు.

ఆ తరువాత 1831లో అలెక్సిస్ ద టోక్విల్ అనే ఫ్రెంచి యువకుడు అమెరికా వెళ్లి తొమ్మిది నెలలు తిరిగాడు. 1835లోనూ 1840లోనూ రెండు భాగాలుగా వెలువడిన తన గ్రంథంలో ఒక అధ్యాయమంతా ఈ విషయానికే కేటాయించాడు. లోకంలో అందరికంటే స్వేచ్ఛగా, సుఖంగా ఉన్నవారి ముఖాల మీద ఏదో మబ్బు కనిపించిందట. ముసలితనంలో ఉండటానికి ఇల్లు కట్టి, పైకప్పు వేస్తుండగానే అమ్మేస్తారు. తోట వేసి, కాపుకు వచ్చే వేళకు కౌలుకిచ్చేస్తారు. కారణం కూడా ఆయన చెప్పాడు. అందరూ సమానమైనప్పుడు అన్ని తలుపులూ అందరికీ తెరుచుకుంటాయి; కాని తలుపు దగ్గర తొక్కిసలాట పెరుగుతుంది. పెద్ద తేడాలున్నప్పుడు కంటికి ఆనని చిన్న తేడా, సమానుల మధ్య ముల్లులా గుచ్చుకుంటుంది. సమానత్వం మంచిదే, కాని దాని వెంట ఈ నొప్పి వస్తుందని తెలిసి ఉండాలి. నేడు అదే అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకూ, ఇక్కడ వారితో పోల్చుకునే బంధువులకూ ఈ అధ్యాయం కొత్తగా అనిపించదు.

అయితే ఆ దేశంలో టోక్విల్‌ను ఆశ్చర్యపరచినది మరొకటుంది. వారానికి ఒక రోజు అక్కడ వ్యాపారమంతా ఆగిపోయేది. వీధులు నిశ్శబ్దమయ్యేవి. డబ్బు వెంట పరుగెత్తే మనిషి ఆ రోజు ప్రార్థనాలయానికి వెళ్లి, ఇంటికి వచ్చి బైబులు తెరిచేవాడు. తనకంటే పెద్దదైన ఒకటి ఉందని వారానికోసారి గుర్తు చేసుకునేవాడు.

మనకు మిగిలిన పాఠం

ప్రియ పాఠకులారా, ఇప్పుడు అన్నిటినీ ఒకచోట చేర్చుదాం. కుదురులేనితనం పాపం కాదు. దాన్ని చంపేయాలని చూడనక్కరలేదు, చంపలేం కూడా. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, అది ఏమి అడుగుతోందో వినకుండానే ఏదో ఒకటి దాని నోట్లో పెట్టేయడంలో. పసిబిడ్డ ఏడ్చిన ప్రతిసారీ మిఠాయి పెట్టే తల్లి, బిడ్డకు ఆకలో, జ్వరమో, ఒళ్లో కూర్చోవాలనో తెలుసుకోలేదు. మనం మన మనసుతో అదే చేస్తున్నాం.

వినాలంటే ఆగాలి. మనం చదివినవారిలో ముగ్గురి దగ్గర మూడు ఆగుళ్లు దొరికాయి. లాక్ చెప్పినది ఒక నిమిషం: కోరిక పుట్టినప్పటికీ కాలు కదిపినప్పటికీ మధ్య ఆగడం. పాస్కల్ చెప్పినది ఒక గది: రోజులో కాసేపు ఏ వ్యాపకమూ లేకుండా దేవుని ముందు కూర్చోవడం. టోక్విల్ చూసినది ఒక రోజు: దేవుని మూడవ ఆజ్ఞ మనకు ఏనాడో ఇచ్చిన ఆదివారం. పూజ ముగియగానే ట్యూషనుకు పరుగెత్తించే ఆదివారం కాదు, ఇంటిల్లిపాది కలిసి అన్నం తినే ఆదివారం.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. ప్రతి అలజడీ ఆత్మ దప్పిక కాదు. అప్పులవాడు గుమ్మంలో నిలబడితే కలిగే అలజడికి జవాబు ధ్యానం కాదు. సాయం చేసే చెయ్యి. ఉద్యోగం లేని యువకునికి పని చూపాలి. వారాల తరబడి నిద్ర పట్టనివారిని, తిండి మానేసినవారిని, బ్రతుకు వద్దనేవారిని ఆలస్యం చేయకుండా వైద్యుని దగ్గరకు తీసుకెళ్లాలి. ‘నీకు విశ్వాసం తక్కువ’ అని వారిని గాయపరచరాదు. అలజడి ఏమి అడుగుతోందో వినడమంటే ఇది కూడా.

అన్నం, పని, ఆరోగ్యం, మనుష్యుల ప్రేమ అన్నీ ఉన్నాక కూడా మిగిలే వెలితి ఒకటుంది. దానికి సిగ్గుపడనక్కరలేదు. కుండ దొర్లుతోందంటే పగలగొట్టవలసింది కుండను కాదు, వెతకవలసింది కుదురును.

కుటుంబ ప్రార్థన తరువాత చర్చించుకోవడానికి:

1. కిందటి నెలలో మనం ఎంతో ఆశపడి కొన్న వస్తువు ఏది? ఇప్పుడు దాని మీద మన మనసు ఎలా ఉంది?

2. మన ఇంట్లో నిదానంగా ఉండే బిడ్డను ఏ మాటలతో పిలుస్తున్నాం? ఆ మాటలు ఎక్కడినుండి నేర్చుకున్నాం?

3. రేపటి నుండి రోజుకు పావుగంట, టీవీ, ఫోను లేకుండా అందరం ఒక గదిలో కూర్చోగలమా? మొదటి రోజు ఎవరికి ఎక్కువ కష్టమనిపించింది?

4. మన వీధిలో ఎవరి అలజడికి ప్రార్థనతోపాటు అన్నం, పని, లేదా వైద్యం కావాలి? మన విచారణ తరఫున ఈ వారమే ఏమి చేయగలం?